ఎడమవైపు పల్లం

మాదాపూర్, 18-3-99

పుణ్యవతికి ఆశీస్సులు. నడుము తప్ప మిగతా నేను కులాసా.

నువ్వు పోరగా పోరగా పోయిన వారం ఆసుపత్రికి వెళ్లాను. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయట. అక్కడ కసరత్తులు నేర్పే జ్యోత్స్న గారు బోర్లా పడుకోబెట్టి, నడుము తడిమి, "ఎడమదిక్కు కండ పల్చగైంది సార్. ఏండ్ల సంది నొప్పి ఉంటే కండ పని మరుస్తది. ఇగ మనమే మళ్ల లేపాలె" అన్నారు. సంక్రాంతికి మందు రాస్తూ "ఎడమవైపు పల్లంగా ఉందేమిటండీ" అన్నావే, ఆ పల్లమే. ఆఫీసు కుర్చీని తిట్టడం మానేశాను.

కసరత్తు తేలికే. ఊపిరి బిగబట్టకుండా ఆ కండను మెల్లగా బిగించాలి. బిగిసిందో లేదో మనకు తెలియదు. మన చెయ్యే వెనక్కి పెట్టుకుంటే నడుము మెలితిరుగుతుంది. "ఇంట్ల ఎవరినన్న చెయ్యి పెట్టి చూడమనుండ్రి. ఉన్నరు గద?" అని అడిగారు. ఉన్నారండీ అన్నాను. రోజూ గదిలో చేస్తున్నాను. బిగుస్తోందనే అనుకుంటున్నాను.

గ్యాస్ బండ వచ్చిందా? అమ్మాయి లెక్కల పరీక్ష ఎలా రాసింది? నువ్వు నీళ్ల బిందెలు ఎత్తకు. మీ బడికి వేసవి సెలవులు ఎప్పటినుంచో వెంటనే రాయి. జ్యోత్స్న గారితో నేనన్న మాట నువ్వొచ్చి ఉండే ఆ నాలుగు రోజులైనా నిజమవుతుంది. కార్డు పోస్ట్‌మ్యాన్ కూడా చదువుతాడు, ఇంతకంటే రాయను.

బుల్లిబాబు