బంగారయ్య కొట్టెందుకు పెట్టాడంటే...

ఏవండీ,

బాగున్నారా? మీరు వెళ్ళి పది నెలలు దాటింది. ఉత్తరం రాయడానికి ఇన్నాళ్ళు పట్టిందేమిటని అలగకండి. రాయాలంటే కబురుండాలి కదా... ఇప్పుడుంది. నిన్న మీ బంగారయ్య గురించి నేను ఉపన్యాసం ఇచ్చాను!

నవ్వకండి, నిజమే. సమాధుల మధ్య నిలబడి, బోలెడుమంది తెల్లవాళ్ళ ముందు, ఇంగ్లీషులో! చీర మీద మీ నీలం స్వెట్టరు వేసుకున్నాను. షెఫీల్డ్‌లో ఎండాకాలం కూడా స్వెట్టరు కావాలని మీకు నేను చెప్పాలా?

రిటైరైన డాక్టర్లంతా గోల్ఫ్ ఆడుకుంటుంటే, మీరొక్కరే మన వీధి వెనక పాత స్మశానంలో ముళ్ళకంప కొట్టడానికి వెళ్ళేవారు. పైగా అదేదో పెద్ద ఉద్యోగమైనట్టు టిఫిన్ డబ్బా కూడా! తిరిగొచ్చాక స్నానం చెయ్యకుండా ఇంట్లో అడుగు పెట్టడానికి వీల్లేదని నేను అరిచేదాన్ని. మీరు ఆ చలిలో పెరట్లో నిలబడి, గొట్టంతో కాళ్ళు కడుక్కుంటూ, "స్మశానంలో వాళ్ళే నయం సుగుణా, ఒక్కరూ అరవరు" అనేవారు. ఇప్పుడెలా ఉంది మరి? నిజంగానే ఎవరూ అరవట్లేదా?

అక్కడే ఓ మూల సమాధి మీద నాచు గీకితే జోసెఫ్ అనే పేరు బయటపడింది. పేరు కింద కిరాణా వర్తకుడు అని ఒక్క మాట, అంతే. ఆయనెవరో తెలుసుకోవాలని మీకు పట్టిన పిచ్చి ఏళ్ళ తరబడి వదల్లేదు. లైబ్రరీలు, పాత పేపర్లు, చర్చి రికార్డులు... ఒకరోజు గుమ్మంలోంచే కేక పెట్టారు, "సుగుణా! ఈయన ఆస్ట్రేలియా వెళ్ళి బంగారం తవ్వాడే!" అని. ఆ రోజు నుంచీ ఆయన మనింట్లో బంగారయ్య అయిపోయాడు.

స్మశానం కమిటీ మార్గరెట్ వసంతంలో ఓరోజు కేకు పట్టుకుని వచ్చింది. ఏటా వేసవిలో ఊళ్ళోవాళ్ళని పిలిచి స్మశానం చూపించే ఓపెన్ డేలో, ఈసారి జోసెఫ్ గురించి మాట్లాడతానని మీరు మాటిచ్చారట. మాటిచ్చినవాళ్ళు ఉండాలి కదండీ... నాకు అంటగట్టి వెళ్ళిపోతే ఎలా?

నా వల్ల కాదన్నాను. పరవాలేదులే 'లవ్' అని, ఇక్కడివాళ్ళు అందరినీ పిలిచినట్టే పిలిచి, నా భుజం తట్టి, అయితే ఈసారికి జోసెఫ్‌ని వదిలేసి, ఆ పక్కనున్న మేయరు సమాధి గురించి చెప్పిస్తామంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ మేయరు రాయి నిండా ఆయన గొప్పలే చెక్కి ఉన్నాయి. ఆయనకి మళ్ళీ మాట్లాడేవాళ్ళెందుకు? మీ బంగారయ్యకి మీరు తప్ప ఎవరున్నారు? ఈ ఏడు తప్పిపోతే మళ్ళీ ఆ రాయి మీద నాచు పట్టేస్తుంది. ఆయనతోపాటు మీరు పడ్డ శ్రమా పోతుంది. అది తలుచుకునేసరికి ఏడుపొచ్చింది. మార్గరెట్ గేటు దాటకముందే వెనక్కి పిలిచి ఒప్పేసుకున్నాను.

ఒప్పుకున్నాను గానీ, నాకేం తెలుసని? రాత్రి మంచమెక్కి గుర్తు చేసుకోవడం మొదలుపెడితే... అంతా వచ్చేసింది! మీ మాటలు, మీ విరుపులు, మధ్యలో మీ దగ్గుతో సహా.

ఎలా రాదు? నేను బియ్యం గాలిస్తుంటే మీరు గరిటె మైకులా పట్టుకుని ఆ ఉపన్యాసం ప్రాక్టీసు చేసేవారు కదా. మధ్యలో ఆపి, "ప్యాకెట్ బియ్యంలో రాళ్ళెక్కడివి సుగుణా?" అని ఓ పోటు. రాళ్ళు లేవని నాకూ తెలుసు. మా అమ్మ నేర్పిన పని... గిన్నెలో నీళ్ళు గిర్రున తిప్పి, పైకి తేలే బియ్యం రెండో గిన్నెలోకి వంచుకుని, అడుగున మిగిలింది పారబోయడం. దేశం మారినా చేతులు మారలేదు. నేను వినట్లేదని అలిగేవారే... వినకపోతే ఇదంతా నాకెలా వచ్చిందండీ?

బియ్యం అంటే గుర్తొచ్చింది. కోప్పడనంటే చెబుతాను. మీరు వెళ్ళాక నేను రోజూ వండట్లేదు. ఒకసారి కుక్కరు పెడితే వారమంతా ఫ్రిజ్‌లోంచి తీసుకుని తినడమే. ఒక్కోసారి వేడి చేసుకోవడానికి కూడా బద్ధకించి, నిలబడే నాలుగు ముద్దలు మింగేస్తున్నాను. ఒక్కదానికి వండాలంటే చెయ్యి రాదు. నార్తాంప్టన్ నుంచి మన లావణ్య ఫోనులో ఒకటే తిట్లు. అన్నం ఫ్రిజ్‌లో అన్ని రోజులు ఉంచకూడదట! మీ కూతురు డాక్టరైనందుకు నాకు దక్కిన భాగ్యం ఇది.

సరే, నిన్నటి సంగతికొస్తాను. వాన పడలేదు, అదే పెద్ద విశేషం. లావణ్య పొద్దున్నే కారేసుకుని వచ్చింది. మీ బంగారయ్య రాయి మీద చెయ్యి వేసి మొదలుపెట్టాను.

జోసెఫ్ ఈ ఊళ్ళోనే కత్తులు సానపట్టే ఇంట్లో పుట్టాడని, ఆ సానరాళ్ళ దుమ్ము పీల్చి తండ్రి చిన్న వయసులోనే పోయాడని చెప్పాను. ఇక్కడ మీలో డాక్టరు నిద్రలేచి ఊపిరితిత్తుల గురించి పావుగంట చెప్పేవారు. నేను ఒక్క ముక్కలో తేల్చేశాను, క్షమించండి. సాన పట్టనని మొండికేసి ఓడెక్కాడని, నెలల తరబడి సముద్రం మీద పోయి, బంగారం పడ్డ చోట గుడారం వేశాడని చెప్పాను. అక్కడ ప్రతివాడి నడుముకీ బంగారు రజను సంచీ. తినడానికి మాత్రం బూడిదలో కాల్చిన రొట్టె, చక్కెర లేని టీ! అందరూ నవ్వారు. ఇంగ్లీషువాళ్ళకి టీ కష్టాలు చెబితే వెంటనే అర్థమవుతాయి.

చివరికి జోసెఫ్ గోతిలో మంచి బంగారం పడింది. పడ్డాక ఏం చేశాడు? ఆ గొయ్యి తోటివాడికి అప్పగించి, ఓ గుర్రబ్బండి కొని, గుడారాలకి పిండీ చక్కెరా తోలడం మొదలుపెట్టాడు! కొన్నేళ్ళకి ఇంటికి తిరిగొచ్చి మన వీధి ఎత్తు మీద కొట్టు పెట్టాడు. పోయాక రాయి మీద కూడా బంగారం ఊసు లేదు.

అక్కడిదాకా బాగానే వచ్చింది. ఆ తర్వాత... మీరు రోజూ ఆగిపోయే చోటే నేనూ ఆగిపోయాను. "చేతికందిన బంగారం వదిలేసి కొట్టెందుకు పెట్టాడు? అది తేలితేగానీ ఈ కథ పూర్తి కాదు సుగుణా" అనేవారు. అది తేలకుండానే వెళ్ళిపోయారు. లాభం కోసమేనని మార్గరెట్ అంటే మీరు ఒప్పుకునేవారు కాదు, "లాభం కోసమైతే అక్కడే ఉండేవాడు, ఈ ఎత్తెక్కి ఎవరొస్తారని ఇక్కడ పెట్టాడు?" అని. అందరూ నా మొహం చూస్తున్నారు.

మార్గరెట్ కనిపెట్టేసింది. ఇప్పుడు మేడమ్ గారు బంగారం తీసి చూపిస్తారని ప్రకటించి నన్ను పక్క టేబుల్ దగ్గరికి లాక్కెళ్ళింది. అక్కడ ఓ గడ్డమాయన రెండు టబ్బుల్లో నీళ్ళు పెట్టుకుని ఉన్నాడు. ఇసుకలో నిజంగానే కాసింత బంగారు రజను కలిపాడట. ఆ ఇసుక ఓ పళ్ళెంలో పోసి నా చేతికిచ్చాడు.

పళ్ళెం పట్టుకోగానే భయం పోయింది. ఎలా తిప్పాలో ఆయన చెబుతూనే ఉన్నాడు, నేను గిర్రున తిప్పేస్తున్నాను. చెయ్యి తిరిగిన మనిషినని ఆయన మెచ్చుకున్నాడు కూడా. పైకి తేలిందల్లా ఒక్క రేణువు కింద పడకుండా రెండో టబ్బులోకి వంచుకున్నాను. అడుగున కాస్త మిగిలింది. అలవాటు ప్రకారం, దాన్ని గడ్డిలోకి విసిరేశాను.

గడ్డమాయన కెవ్వుమన్నాడు. నేను పారేసింది బంగారమండీ! ఎంతో జాగ్రత్తగా దాచుకున్నది ఇసుక!

ఒక్కటే నవ్వులు. లావణ్య అయితే పొట్ట పట్టుకుని మేయరు సమాధి మీద కూలబడింది. నాకూ నవ్వాగలేదు. మా ఇంట్లో బియ్యం ఇలాగే గాలిస్తామని, అడుగున మిగిలేవి రాళ్ళు కాబట్టి పారేస్తామని చెప్పాను. చెబుతూ ఉంటేనే మీ ప్రశ్నకి జవాబు తట్టింది.

నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేశాను. నా చేతులు అన్నం కోసం పని చేసిన చేతులు, అందుకే తినేది దాచుకుని తిననిది పారేశాయి. జోసెఫ్ చేతులూ అలాంటివే అయి ఉంటాయి. తండ్రి పోయిన ఇంట్లో పెరిగినవాడు, చుట్టూ అందరూ ఆకలితో ఉంటే ఆయనకి బంగారం కంటే ముందు పిండి గుర్తొచ్చి ఉంటుంది. అందుకే కొట్టు పెట్టాడు, రాయి మీదా అదే రాయించుకున్నాడు... అన్నాను. మార్గరెట్ కళ్ళు తుడుచుకుంది. మీరుంటే రుజువేదీ అని అడిగేవారు. రుజువు లేదండీ. అయినా ఒప్పుకుంటారా?

పెరటి గుమ్మంలోంచే ఇంటికొచ్చాను. గొట్టంతో కాళ్ళు కడుక్కుంటుంటే ఇంకో మాట గుర్తొచ్చింది.

పెద్దాసుపత్రిలో సర్జన్ కావలసినవారు, పరీక్షలన్నీ ప్యాసై కూర్చున్నవారు, హఠాత్తుగా అది వదిలేసి మన పేటలో మామూలు జీపీ డాక్టరుగా చేరారు. మా అన్నయ్య ఫోన్ చేసి మరీ చివాట్లు పెట్టాడు. ఎందుకు వదిలేశారని నేనూ అడిగాను. "డ్యూటీల రోటా చూసుకుని చల్లన్నం తినడం నా వల్ల కాదు సుగుణా. నీ పక్కన కూర్చుని వేడన్నం తినాలి" అన్నారు.

ఇన్నేళ్ళూ అది వేళాకోళం అనుకున్నాను. ఊరందరికీ అలాగే చెప్పి నవ్వాను కూడా. నిజమే చెప్పారా అండీ?

కాళ్ళు కడిగిన నీళ్ళు ఇంకిపోయేదాకా అక్కడే కూర్చున్నాను. ఏడవలేదని చెప్పను. మనసు మాత్రం నిండుగా ఉంది.

లావణ్య పొద్దున్నే వెళ్ళింది. వచ్చే ఏడు కూడా జోసెఫ్ గురించి నేనే చెప్పాలని మార్గరెట్ మెసేజ్ పెట్టింది, సరేనన్నాను. ఫ్రిజ్‌లో పాత అన్నం తీసి పారేశాను. కొత్తగా బియ్యం గాలించి పొయ్యి మీద పెట్టి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇప్పుడే ఉడికింది, ఆవిరికి కళ్ళజోడు మసకేస్తోంది.

ఇక ఆపుతాను. చల్లారకముందే కూర్చుని తినాలి. ఈ పూటే కాదు, రేపూ, ఎల్లుండీ కూడా వేడన్నమే తింటాను. మీ మీద ఒట్టు. ఇదివరకైతే మీ మీద ఒట్టు వెయ్యడానికి భయపడేదాన్ని, ఇప్పుడు నాకేం భయం?

మీ
సుగుణ