గోడవైపు తిరిగిన కేలరీల బోర్డు

ఆహార తనిఖీ అధికారి గారి సముఖమునకు,

వినోద ప్రాంగణములోని సర్కస్ డేరాయందు 'నడిచే గోపురం' అను అంశములో అడుగు మనిషిగా పనిచేయుచున్న వ్యక్తి సమర్పించుకొను అర్జీ.

విషయం: మా ప్రాంగణం క్యాంటీనులో తినుబండారముల కేలరీల బోర్డును గోడవైపు తిప్పి ఉంచుట – తత్ఫలితముగా నా భుజములపై భారము పెరుగుట – సదరు బోర్డును జనంవైపు తిప్పించుట గురించి.

అయ్యా,

తిండికీ భుజాలకీ సంబంధమేమిటని ఈ కాగితాన్ని మధ్యలోనే పక్కన పడేయవద్దని ముందుగానే ప్రాధేయపడుతున్నాను. సంబంధం ఉన్నది. వివరములు ఈ దిగువన.

1. నేను చేయు పని యేమనగా, మా ఆవిడ నా రెండు భుజాల మీద నిలబడుతుంది. నేను మెట్లబల్లను ఒకవైపు నుంచి ఎక్కి, పైన కాసేపు ఆగి, రెండోవైపు నుంచి దిగుతాను. ఆగినప్పుడు ఆమె రెండు చేతులతో రింగులు తిప్పుతుంది. జనం చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లన్నీ ఆమెకే అన్న సంగతి ఈ అర్జీ పరిధిలోకి రాదు. పనిలో ఉండగా అడుగు మనిషి తలెత్తి చూడరాదు. కావున పైన జరిగేదంతా నాకు ఆమె పాదముల ద్వారానే తెలియును. బొటనవేలు నొక్కితే ఆగమని, మడమ నొక్కితే నడవమని. మా సంసారం కూడా ఇంచుమించు ఇదే పద్ధతిలో సాగుతున్నది.

2. గత కొంతకాలముగా సదరు పాదములు బరువెక్కినవి. కింది మెట్ల దగ్గర అంతగా తెలియదు. పైమెట్టు చేరేసరికి మోకాళ్లలో కలుక్కుమంటుంది. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆటలో గోపురం ఒక్కసారిగా ఊగింది. మా ఆవిడ చేతిలోని రింగు జారి బ్యాండు మేళంవాళ్ల పెద్ద డ్రమ్ము మీద పడింది. ఆట అయిపోయిందనుకుని వాళ్లు ముగింపు పాట వాయించేశారు. సగం జనం లేచి వెళ్లిపోయారు. మా మేనేజరు నన్ను పిలిచి, "ఇంకొక్కసారి ఊగిందో, మీ ఐటం ఎత్తేసి కుక్కల ఆట పెడతా. అవి కనీసం నేల మీదుంటాయి" అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఈ భుజాలే మా ఇద్దరికీ ఆధారమని మనవి.

3. ప్రాంగణంలో ఏ బరువు జరపాలన్నా నన్నే పిలుస్తారు. క్యాంటీనులో ఐస్‌క్రీం పెట్టె కింద నీళ్లు చేరాయంటే వెళ్లి జరిపాను. దాని వెనక గోడవైపు ముఖం పెట్టి ఒక బోర్డు ఉన్నది. తిప్పి చూస్తే తమ కార్యాలయం ముద్ర. "ఏమయ్యా, ఇది జనానికి కనపడాలి కదా?" అని క్యాంటీను అతన్ని అడిగాను. "కనపడాలనే ఉంది బావా. ఎటువైపు కనపడాలో రాయలేదుగా!" అన్నాడు. తమ ఉత్తర్వులో ఈ లోపమును తక్షణం సవరించగలరు.

4. సదరు బోర్డులోని అంకెలు నేను కంఠతా పట్టినాను. వెన్న వేసిన పాప్‌కార్న్, పెద్ద బకెట్టు: 1,240. చీజు పోసిన చిప్సు పళ్లెం: 1,100. చాక్లెట్ షేకు: 950. పెద్ద గ్లాసు కూల్‌డ్రింకు: 380. మొదట ఇవి మార్కులనుకుని, ఇన్ని మంచి మార్కులొచ్చిన బోర్డును ఎందుకు దాచాడా అనుకున్నాను. ప్రథమ చికిత్స గదిలోని నర్సమ్మ నవ్వీ నవ్వీ అసలు సంగతి చెప్పింది. పెద్దవాళ్లకి రోజు మొత్తం మీద రెండు వేల కేలరీలు అటూ ఇటూగా సరిపోతాయట. అంటే ఒక మనిషి ఆట చూస్తూ, ఆకలి లేకుండా, చీకట్లో, చేతికి తెలియకుండా సగం రోజు భోజనం మింగేస్తున్నాడన్న మాట. అది కూడా పాప్‌కార్న్! ఊదితే ఎగిరిపోయే వస్తువు. బకెట్టు నిండా ఉన్నా చిటికెనవేలితో ఎత్తవచ్చును. బరువులు మోయడమే వృత్తిగా గల నేనే మోసపోయానంటే మామూలు ప్రజల గతి ఏమిటో తమరే ఊహించగలరు.

5. మా ఆవిడ రోజూ రెండు ఆటల మధ్య సదరు పెద్ద బకెట్టు ఒకటి కొనుచున్నది. ఇది నేను కళ్లారా చూచినది. ఆమె నాలుగు గింజలు నోట్లో వేసుకుని బకెట్టు నా పక్కన పెట్టి జడ వేసుకోవడానికి వెళుతుంది. మిగిలింది పారేయడం ఇష్టంలేక నేను తింటాను. అయితే నేను తినేది కేవలం వృథా కాకూడదనే గాని తిండిగా కాదు గనుక, దానిని లెక్కలోకి తీసుకోవలసిన పని లేదు.

6. "మీ ఆవిడకు మీరే చెప్పుకోవచ్చును గదా" అని తమరు అడగవచ్చును. అడగవద్దు. వెనకొకసారి "కాస్త ఒళ్లు చేసినట్టున్నావు" అన్నాను. ఆ మాట అన్నప్పుడు ఆమె నా భుజాల మీదే ఉన్నది. ఆ మెట్లు నేను ఎలా దిగానో నాకే తెలుసు. తర్వాత వారం పాటు కూరలో ఉప్పు పడలేదు. అయ్యా, నేను మనుషుల్ని మోయగలను గాని ఆ మాట మళ్లీ అనలేను. అదే మాట ప్రభుత్వం బోర్డు మీద అంకెలలో చెబితే ఎవరికీ కోపం రాదు.

కావున ప్రార్థించునది ఏమనగా: (అ) సదరు బోర్డును పాప్‌కార్న్ యంత్రం పక్కనే, ఆడవారి కంటి ఎత్తున, జనంవైపు తిప్పి బిగించవలెను. (ఆ) వీలైనచో "భర్త భుజములపై నిలబడువారు పెద్ద బకెట్టు తినరాదు" అని కింద ఒక వాక్యము చేర్చవలెను. నా పేరు ఎక్కడా బయటపడరాదు.

ఇంతకుమించి మోయలేని వాడి మొర తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అడుగు మనిషి

తా.క.: అయ్యా, ఈ అర్జీని మంచి దస్తూరీలో తిరగరాసి పెట్టమని మా జోకరుకు ఇచ్చాను. జోకరు చేతికి రహస్యం ఇవ్వడం నా బుద్ధితక్కువ. ముఖానికి రంగు పూసుకుంటూ అందరికీ వినపడేలా పైకి చదివాడు. "సదరు పాదములు" దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ వచ్చి వెనకాల నిలబడింది. చివరిదాకా వింది.

"అంటే, నేను లావయ్యానని గవర్నమెంటుకి రాశావా?"

"లావని ఎక్కడా రాయలేదే. భారమని రాశాను."

"పద" అంది. గుర్రాల దాణా తూచే కాటా దగ్గరికి లాక్కెళ్లి తను ఎక్కి నిలబడింది. యాభై రెండు కిలోలు. మేము ఈ డేరాలో చేరినప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే.

"ఇప్పుడు నువ్వెక్కు బావా" అన్నాడు జోకరు.

"అడుగు మనిషి బరువు ఎవడిక్కావాలోయ్!" అన్నాను. వినలేదు, నలుగురూ కలిసి ఎక్కించారు. ముల్లు వెళ్లి ఆగిన చోటు చూస్తే కాటా చెడిపోయిందని చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. గుర్రాలకు ఇన్నాళ్లూ దాణా తక్కువ పడుతున్నదేమో, ఆ సంగతి కూడా తమరు విచారించగలరు.

"మరి నాకెందుకు బరువుగా ఉంటోంది?" అని అడిగాను. ఆమె నా మొహంలోకి, మోకాళ్లవైపు కాసేపు చూసింది. ఆ తర్వాత మెల్లిగా చెప్పింది.

"పైన నాకు భయమేస్తోందయ్యా. కిందికి చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. భయంతో కాళ్లు బిగబట్టి నిలబడుతున్నా. అందుకే నీకు బరువనిపిస్తోంది. ఇంక నేను ఎక్కలేను."

అయ్యా, నాకు ఏడుపొచ్చింది. మా ఇద్దరి ధైర్యమూ ఆమెదే అనుకుంటూ బతికినవాణ్ని. అప్పటికప్పుడు మేనేజరు దగ్గరికి వెళ్లి, "మా ఆవిడ ఎక్కకపోతే నేనూ చెయ్యను, ఇంకెవరినీ ఈ భుజాల మీద నిలబెట్టుకోను" అని చెప్పేశాను. ఆమె ఇకమీద నేల మీదే రింగులు తిప్పుతుంది. నేను గేటు దగ్గర టికెట్లు చింపుతాను. భార్య భయం చూసి పని వదులుకున్న మగాడని డేరా అంతా నన్ను మెచ్చుకుంటున్నది. రెండు రోజులుగా మోకాళ్లు కూడా కులాసాగా ఉన్నాయి, అది వేరే సంగతి. కోరిక (ఆ) కొట్టివేయగలరు. కోరిక (అ) అలాగే ఉంచండి, ప్రజలకు పనికొస్తుంది.

సారూ, కవరు అంటించే పని మా ఆయన నాకు అప్పజెప్పాడు కాబట్టి కాగితం వెనక ఈ నాలుగు ముక్కలు నేను రాస్తున్నాను. నేను ఆయన భార్యని. నాకు పైన భయం లేదు, ఏనాడూ లేదు. వణికింది ఆయన మోకాళ్లు. కింద భుజాలు కదిలిపోతుంటే పడిపోకుండా గట్టిగా నొక్కి నిలబడ్డాను. దాన్ని బరువనుకున్నాడు. "నీ మోకాళ్లు అయిపోయాయి, మానెయ్" అని నేనంటే పంతానికి ఇంకో పదేళ్లు చేసి చూపిస్తాడు. అందుకని భయం నాదన్నాను.

పాప్‌కార్న్ ఆయనకి ప్రాణం. ఆయన కోసం కొంటానంటే దండగంటాడు. అందుకే నాకోసమని కొని పక్కన పెట్టేదాన్ని. అందులో అంత ఉందని నాకేం తెలుసు సారూ? తెలిసీ తెలియక నేనే పెట్టాను. బోర్డు ఇటు తిప్పించండి. టికెట్లు చింపే చోటికి కనపడాలి. నా మాట వినడు గాని సర్కారు ముద్ర ఉంటే వింటాడు. కాటా బాగానే ఉంది, దానికోసం ఎవర్నీ పంపకండి.

ఈ సంగతి ఆయనకి తెలియనివ్వకండి. ఆ పైన నిలబడటమంటే నాకు ఎంత ఇష్టమో కూడా చెప్పకండి. ఈ రెండు రోజులుగా నేల మీద రింగులు తిప్పుతుంటే చేతులకి ఏమీ తోచడం లేదు. కానీ ఏం చెయ్యను? నేను పడితే కింద ఆయన ఉన్నాడు. ఆయన పడితే కింద ఎవరూ లేరు.