కొండ మీది పన్నెండింటి ఫిరంగిని మళ్ళీ పేల్చించమని

నగర పాలనాధికారి గారి సముఖమునకు,
కొండ కింది వీధిలో నగల షాపు వెనక ఇంట్లో ఉండే ముసలామె, అనగా నగలు చేసే ఆయన భార్య, స్వహస్తంతో వ్రాసుకొను అర్జీ.

విషయం: యుద్ధంలో పనిచేసినవారి మనశ్శాంతి నిమిత్తం తమరు దయతో ఆపించిన మధ్యాహ్నపు ఫిరంగిని, అదే మనశ్శాంతి నిమిత్తం తిరిగి పేల్చించుట గురించి.

అయ్యా,

ముందుగా ఒక మాట. ఇది తమ మీద ఫిర్యాదు కాదు. ఫిర్యాదనుకుని మా షాపు లైసెన్సు మీద ఎవరైనా కన్నేస్తారేమోనని నాకు కంటి మీద కునుకు లేదు. తమరు ఎండలో నడిచి మా గడప ఎక్కి, మావారి ఎదుట స్టూలు మీద కూర్చుని, "పెద్దాయనా, ఇక మీరు ఉలిక్కిపడక్కర్లేదు, ఆ ఫిరంగి ఆపించేశాను" అన్నారు. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి. తమరు పడతారేమోనని స్టూలు వంకే చూస్తూ నిలబడి, తమకు కనీసం దండమైనా పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను. పెట్టి, ఈ కింది విషయములు మనవి చేసుకుంటున్నాను.

1. నా భర్త కుర్రతనంలో యుద్ధానికి వెళ్ళి, కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉన్న మనిషిగా తిరిగివచ్చి, తండ్రి పీట మీద కూర్చుని బంగారప్పని అందుకున్నవారు. ఒక్క చప్పుడు విషయంలో తప్ప ఆయనకు ఏ లోపమూ లేదు. తలుపు ధనామన్నా, మూత కిందపడ్డా మనిషి అక్కడ ఉండరు. అంటే కుర్చీలోనే ఉంటారు, కానీ ఉండరు. అందుచేత మా ఇంట గిన్నెలు సైతం మెల్లగా దించబడును. పెద్ద కోడలు కొత్తగా వచ్చినప్పుడు, "ఏంటత్తయ్యా, ఈ ఇంట్లో గరిటెల్ని కూడా జోకొట్టి పడుకోబెట్టాలా?" అని నవ్వింది. తర్వాత చిన్న కోడలికి ఆవిడే నేర్పింది.

2. అట్టి మనిషి ఇంటి నెత్తిన కొండ, కొండ మీద ఊరికి వేళ తెలియడానికి రోజూ పన్నెండింటికి పేల్చే ఫిరంగి. ఇల్లు మారదామని నోరు నొప్పి పుట్టేలా పోరాను. ఆయన ఇల్లు మార్చలేదు, పని మార్చుకున్నారు. ఉదయం పూట తీగ లాగడం, అతకడం, ఆకురాయి పట్టడం, అనగా చెయ్యి జారినా దిద్దుకోగల పనులు. రాయి పొదిగే పని మాత్రం ఉదయం ముట్టుకోరు. రాయి అంచు మీదికి బంగారాన్ని నొక్కేటప్పుడు చెయ్యి ఒక్కసారి అదిరిందంటే ఆ రాయి పగులును. పన్నెండు కాబోతుండగా పనిముట్లు కింద పెట్టి కూర్చునేవారు. ఫిరంగి పేలేది. పెద్ద ఊపిరి ఒకటి వదిలి, లేచి ఇంట్లోకి వచ్చి, కొడుకుల్నీ కోడళ్ళనీ మనవల్నీ ఒక్కొక్కరి మొహమూ చూసి, "అందరూ ఉన్నారుగా?" అని అడిగి, అప్పుడు భోజనానికి కూర్చునేవారు. ఒకరు తక్కువైతే ముద్ద దిగేది కాదు. భోజనం చేసి మళ్ళీ షాపులోకి వెళితే ఇక సాయంత్రం దాకా ఆ చెయ్యి బల్లకి బిగించినట్టు నిలిచేది. ఇవాళ్టిది అయిపోయింది, రేపటి దాకా ఇంకోటి లేదు అని ఆ చేతికి తెలుసు. ఈ ఊళ్ళో చాలామంది పెళ్ళి ఉంగరాలు ఆ మధ్యాహ్నాల్లో పొదిగినవే.

3. తమ ఉత్తర్వు అమలులోకి వచ్చిన నాటి నుండి ఫిరంగి పేలుట లేదు. పేలకపోవుట వలన, అయిపోవుట లేదు. నా బాధ మొత్తం ఈ ఒక్క ముక్కే, మిగతాదంతా నాకు తగ్గించి రాయడం చేతకాక రాస్తున్నది. పన్నెండు అవుతుండగా ఆయన పనిముట్లు కింద పెడతారు. ఒంటిగంట అవుతుంది, రెండవుతుంది. "అన్నం చల్లారిపోతోందండీ" అంటాను. "ఉండవే, ఇంకా అవలేదుగా" అంటారు. చీకటి పడి దీపం వేసేదాకా అదే మాట. మతి తప్పిందేమోనని డాక్టరుని పిలిపించాం. ఆయన ఏవేవో ప్రశ్నలు అడిగాడు. ఈయన అన్నిటికీ జవాబు చెప్పి, "మీ ఆవిడ గొలుసు కొక్కెం వదులైందన్నారు, పంపలేదేం?" అని ఎదురు అడిగారు. మతి భేషుగ్గా ఉందని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు. మతి పోయిందన్నా నాకు కాస్త బాగుండేది, దానికేదైనా మందుంటుంది.

4. మా ప్రయత్నములు మేము చేయకపోలేదు. పెద్దబ్బాయి మేడెక్కి, సరిగ్గా పన్నెండింటికి ఖాళీ ఇనప పీపా ఒకటి మెట్ల మీంచి తోశాడు. వీధి వీధంతా బయటికొచ్చింది. పక్కింటి దర్జీ చేతిలో కత్తెరతోనే పరిగెత్తుకొచ్చాడు. మూత పడితే ఉలిక్కిపడే మనిషి కదా, ఈయన మాత్రం కదల్లేదు, చెవులు రెండూ కొండ మీదే ఉన్నాయి గనుక. తల కూడా ఎత్తకుండా, "పెద్దాడు పీపా తోశాడు. కాలి మీద పడేసుకున్నాడేమో చూడండి" అన్నారు. పడింది కూడా. బొటనవేలి గోరు నల్లబడింది, అది ఊడిపోతుందేమోనని ఇప్పుడు నాకు ఇంకో బెంగ.

5. తమ కార్యాలయానికీ వచ్చాను. కిటికీ దగ్గరి గుమాస్తా చాలా మర్యాదస్తుడు, నవ్వు ఆపుకోవడానికి ఎంతో పాటుపడ్డాడు. "చప్పుడు ఎక్కువైందని వస్తారు మామ్మగారూ, చప్పుడు రావట్లేదని ఎవరూ రారు. దీన్ని ఏ ఫైల్లో పెట్టాలి?" అన్నాడు. "ఏ ఫైల్లో పెడితే అయ్యగారు త్వరగా చూస్తారో అందులో పెట్టు నాయనా" అన్నాను. రాసి తెమ్మన్నాడు. అందుకే ఈ రాత.

6. ఆపించానని తమంతటివారు ఇంటికి వచ్చి చెప్పాక కూడా ఈయన ఎందుకు నమ్మరని తమకు కోపం రావచ్చు. మా చిన్నబ్బాయికీ వచ్చింది. "అంత పెద్దమనిషి మనింటికొచ్చి అబద్ధమాడతారా నాన్నా?" అని గట్టిగానే అడిగాడు. ఈయన నెమ్మదిగా, "అబద్ధమెందుకు ఆడతార్రా? పాపం, ఆగిపోయిందనే ఆయనా అనుకుంటున్నాడు. అప్పుడు మాకు చెప్పినాయన కూడా మంచాయనే" అన్నారు.

అప్పుడు అనగా యుద్ధంలో. ఈ సంగతి ఆయన నాకు ఒక్కసారే చెప్పారు, కుంపటి ఊదుతూ, నా వైపు చూడకుండా. కాల్పులు ఆగిపోయాయి, ఇక బయటికి రావచ్చు అని పై అధికారి కేకేసి చెప్పారట. కందకంలోంచి అందరూ లేచారట. పక్కనున్న కుర్రాడు తడిసిన మేజోళ్ళు ఆరేసుకుందామని గట్టెక్కాడట. అప్పుడొచ్చిందట గుండు. మిగతాది నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నా మట్టుకు నేను ఆ కుర్రాడి తల్లి గురించి ఇప్పటికీ బెంగపడుతుంటాను, ఎవరో ఏమో తెలీకపోయినా.

7. ఫిరంగి పేల్చే మనిషి, మా వీధి పిల్లలు పన్నెండయ్య అని పిలిచే ఆయన, ఈమధ్య ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. తమరు ఆయన్ని ఉద్యోగంలోంచి తీసెయ్యకుండా పాత కాగితాల గది గుమ్మం దగ్గర కూర్చోబెట్టారట, మేలు చేశారు. వచ్చి, టోపీ తీసి చేత్తో నలుపుకుంటూ, "అయ్యా, ఇన్నేళ్ళూ మిమ్మల్ని రోజూ హడలగొట్టింది నేనేనట కదా. ఆఫీసులో చెప్పుకుంటున్నారు. నాకు తెలీదండీ, తెలిస్తే కొంచెం అటువైపు తిప్పి పేల్చేవాణ్ణి" అన్నాడు.

ఈయన స్టూలు చూపించి, "కూర్చోవయ్యా" అన్నారు. "నా మీద పేల్చినవాళ్ళందరిలోకీ, చెప్పిన వేళకి పేల్చింది నువ్వొక్కడివే."

పన్నెండయ్య నలిపిన టోపీని మళ్ళీ నెత్తిన సర్దుకుని, "నా సర్వీసు మొత్తంలో ఇంత మంచి సర్టిఫికెట్టు నాకెవరూ ఇవ్వలేదండీ" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు, పొట్టి కాలు స్టూలు మీంచి ఆయన కూడా పడతాడేమోనని.

8. ఇప్పుడు అసలు అవసరము. మా పెద్ద మనవరాలి పెళ్ళి వచ్చే వారం. ఇంట్లో ఎవరి పెళ్ళికైనా ఉంగరం ఆయనే చెయ్యాలి, బయటివాళ్ళ చెయ్యి పడకూడదు. ఉంగరం అయింది. మెరుగు కూడా పెట్టారు. రాయి కూర్చోవలసిన గూడు మాత్రం ఖాళీగా ఉంది. రాయి పొదిగేది మధ్యాహ్నం ఫిరంగి తర్వాత గనుక, ఆ తర్వాత అనేది రావడం లేదు గనుక. మనవరాలు బంగారంలాంటి పిల్ల. "తాతయ్యా, ఫరవాలేదులే, రాయి లేకుండా ఉత్త గూటితోనే పెట్టుకుంటాను, కొత్త ఫ్యాషనని చెబుతాను" అంది. ఆయన ఆ పిల్ల తల నిమిరారు. మర్నాడు ఉదయం పూట పని కూడా ముట్టుకోలేదు. నాలుగు మెతుకులు కూడా సరిగ్గా తినడం లేదు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. పెళ్ళి నాటికి మనిషి లేచి నిలబడతారా అని నేను, నిలబడి ఆ పిల్ల వేలి వంక చూస్తారా అని కోడలు బెంగ పెట్టుకున్నాం.

9. కావున తమకు నా వేడుకోలు:

(అ) ఫిరంగిని పాత వేళకే, పాత మందుతోనే పేల్చించాలి. దయ తలిచి సన్నగా పేల్చించవద్దు. ఎక్కడో దూరాన పేలిందనుకుని, దగ్గరిది ఎప్పుడొస్తుందా అని చూస్తారు.

(ఆ) పన్నెండయ్య చేతనే పేల్చించాలి. కొత్తవాళ్ళు వేళ తప్పుతారు.

(ఇ) ఎలాగూ మొదలుపెడుతున్నాం కదా అని పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి కలపవద్దు. తమరు అలా చెయ్యరని తెలుసు, అయినా రాస్తున్నాను.

యుద్ధానికి వెళ్ళిన ఇంకో మనిషి ఈ ఊళ్ళో ఉన్నారు, ఒంటిచేతి పోస్టుమాను. ఫిరంగి ఆగాక ఆయనకి హాయిగా ఉందట. నేను ఆయన హాయి చెడగొట్టిన పాపం మూటగట్టుకుంటానేమోనని వాళ్ళింటికి వెళ్ళి ముందే అడిగాను. "పేలనీండి అక్కా. పేలితే నేను చెవుల్లో దూది పెట్టుకుంటాను. పేలనిదానికి బావగారు దూది ఎక్కడ పెట్టుకుంటారు?" అన్నాడు. ఆయన అభ్యంతరం లేదని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను. సంతకం కూడా పెడతానన్నాడు.

తమరు చేసినది మంచి పనే. అది తిరగదోడమంటున్నందుకు నాకు సిగ్గుగానే ఉంది. కానీ నాకు ఓపిక అయిపోయింది అయ్యా. ముసలిదాని విన్నపం వెంటనే చిత్తగించవలెను, వచ్చే వారం లోపల చిత్తగిస్తే మరీ మేలు.

ఇట్లు
తమ విధేయురాలు,
నగల షాపు ఇంటావిడ

మరిచిన మాట: అక్షరాలు వంకరగా పడ్డాయి, మన్నించాలి. నాకు చదువు తక్కువే గానీ ఇంత వంకర రాయను. కాగితం జారిపోతోంది. ఎడం చేత్తో అదిమి పట్టుకుని రాయాలి, ఆ చెయ్యి ప్రస్తుతం నా దగ్గర లేదు. పెళ్ళైన కొత్త నుంచీ, పన్నెండు కాబోతుండగా నేను షాపులోకి వచ్చి పక్కన కూర్చోవడం, ఆయన పనిబల్ల కింద నా చెయ్యి పట్టుకోవడం, పేలగానే వదిలెయ్యడం. పిల్లలకి కూడా తెలీదు. ఇప్పుడు పన్నెండుకి పట్టుకుంటున్నారు, వదలడం లేదు. లాక్కోవచ్చు కదా అని తమరు అడగవచ్చు. పట్టు గట్టిదేమీ కాదు, లాక్కుంటే వచ్చేస్తుంది. కానీ నేను లాక్కున్న ఆ క్షణానే పేలితే?