అయిందా, అక్కా?

అక్కా,

ఫోన్ ఎత్తలేనప్పుడు జవాబు చెప్పే మిషన్లో నీ గొంతున్న టేపు మొన్న తెగిపోయింది. నువ్వు పోయి ఏడాదైనా, ఆర్డర్లకి ఫోన్ చేసినవాళ్లకి ఇన్నాళ్లూ నువ్వే జవాబు చెప్పావు. "నమస్కారమండీ. పూతరేకులు తీస్తున్నామండీ, చెయ్యి ఖాళీ లేదు. మీ పేరూ ఊరూ చెప్పండి, మేమే ఫోన్ చేస్తామండీ." ఆ వెంటనే నేను "అయిందా, అక్కా?" అనడం, నువ్వు అవునన్నట్టు "ఆయ్" అనడం కూడా టేపులో పడిపోయాయి. చెరిపేద్దామంటే, "ఉండనీవే, మనింటికి వచ్చినట్టుంటుంది" అన్నావు.

నిన్న కొత్త టేపు పెట్టి నేనే చెప్పాను. అన్నీ నీ మాటలే. చివర్లో అలవాటుగా "అయిందా, అక్కా?" అనేశాను. పొయ్యిలో కొబ్బరాకులు చిటపటమన్నాయి, అంతే. చెరపడానికి చెయ్యి రాలేదు.

ఇవాళ మొదటి ఫోన్ ముమ్మిడివరం మేష్టారిది. నువ్వున్నన్నాళ్లూ నువ్వు తీసిన రేకులు తప్ప ముట్టని మనిషి.  టేపులో నా ప్రశ్న అవగానే మెల్లగా "ఆయ్" అన్నారు. ఆ తర్వాతే పేరు చెప్పారు.

ఎన్ని రేకులు కావాలన్నారో రాసుకోవడానికి టేపు మళ్లీ వెనక్కి తిప్పాల్సొచ్చింది.