ఎర్ర స్పైడర్‌కి సొర నూనె

జూన్ 9, ఆదివారం

చర్చ్ అయ్యాక మా ఆయన కెన్నీ కమిటీ మీటింగ్‌కి ఉండిపోయేడు. నేను తిన్నగా ఇంటికొచ్చి, షెడ్డు తలుపు వేసుకొని, నాన్న ఎర్ర కారు స్పైడర్‌కి తుప్పు పట్టకుండా సొరచేప నూనె పట్టించేసేను. డోర్ల కింద డబ్బాల్లా ఉంటాయే, రన్నింగ్ బోర్డులు, ఆ రెండింట్లోకీ కన్నాల్లోంచి గరాటు పెట్టి పోసేను. నాన్న అలాగే పోసేవాడు.

నూనె నిన్న యారాడ వెళ్ళి తెచ్చేను. నాన్న ఉన్నప్పట్నుంచీ మాకు ఇచ్చేది అక్కడి జాలరి ఆవిడ కాశమ్మే. ఇప్పుడన్నీ ఫైబర్ పడవలేనట, ఈ నూనె రాసేవాళ్ళే లేరట, నువ్వొక్కద్దానివే అడుగుతన్నావ్ తల్లీ అంది.

ఇంక ఈ కంపు నూనె ముట్టనని కెన్నీకి మాటిచ్చేను. కిందటేడు తను ఫారిన్ కోటింగ్ వేయించేడు కదా. ఆ కోటింగ్‌కి ఏం తెలుసు వైజాగ్ ఉప్పుగాలి సంగతి? పోర్టులో పనిచేసిన ఇటలీ ఇంజనీరు వెళ్ళిపోతూ నాన్నకి అమ్మేసిన అల్ఫా రోమియో ఇది. పడవలవాళ్ళ నూనెతోనే నాన్న దీన్ని ఇన్నేళ్ళూ నిలబెట్టేడు.

సారీ కెన్నీ. అబద్ధం. సారీ ఏమీ లేదు.

జూన్ 10

షెడ్లో ఎలక చచ్చిందన్నాడు కెన్నీ. అవునన్నాను. ఇద్దరం కలిసి ఎలకని వెతికేం. నవ్వు ఆపుకోలేక చచ్చేను.

ఆగస్టు 24, శనివారం, ఉదయం

ఎడమ బోర్డు కింద తుప్పు తినేసి చెయ్యి పట్టేంత కన్నం. నూనె పొయ్యడం లేటైపోయింది. కోసి కొత్త రేకు వెయ్యాలి. వరహాలు వచ్చేడు. మూడేళ్ళుగా ఈ బండికి వెల్డింగ్ అంతా అతనే. కెన్నీకి అతనంటే ప్రాణం. బావా, బావా అని వెనకే తిరుగుతాడు.

వరహాలు కన్నం దగ్గర బాగా వంగి చూసి, లోపల ఏటైనా పోసేరా అమ్మా అని అడిగేడు. కెన్నీ పక్కనే ఉన్నాడు. ఏం లేదన్నాను. టీ పెట్టడానికి లోపలికి వచ్చేసేను.

అదే రోజు, సాయంత్రం

బోర్డులోంచి మంట చిమ్మింది. వరహాలు ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. కెన్నీ ఇసక బకెట్టు విసిరి మంట ఆర్పేడు. బండిలో ఒక సీటూ కార్పెట్టూ పోయేయి, అంతే.

కేక విని పరిగెట్టుకొచ్చి నేను ముందు చూసింది బండిని. తరవాత మనిషిని.

ఆగస్టు 25, ఆదివారం

వరహాలు మొన్న రాత్రి ఎవరిదో పెళ్ళికి వెళ్ళేడట, తాగిన మత్తు దిగకుండానే వచ్చి ఉంటాడట. కెన్నీ తేల్చేసేడు. వింటేజ్ కార్ల గ్రూపులో కూడా పెట్టేసేడు, ఈ మనిషికి మీ బండ్లు ఇవ్వకండని. నిన్నటిదాకా బావ. ఇవాళ వాడు, వీడు.

చర్చ్‌లో పాస్టర్ గారు పెద్ద కీడు తప్పించినందుకు స్తోత్రం చెప్పించేరు. వరహాలు పేరు ఎవరూ ఎత్తలేదు. నేను గట్టిగా ఆమెన్ అన్నాను. నా నోరు పడిపోను.

ఆగస్టు 27

వరహాలు భార్య రోజారమణి ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బావుండేది. ఒప్పుకున్న పనులు రెండు తప్పిపోయేయట. అది కాదు, అమ్మగారి నాన్నగారి గుర్తు కాల్చేసేనని మనిషి అన్నం ముట్టట్లేదట. క్షమించమని చెప్పమన్నాడట.

నన్ను. క్షమించమని.

పర్లేదు అన్నాను. ఎంత దరిద్రపు మాట.

ఆగస్టు 29

కెన్నీకి ఇవాళా చెప్పలేదు.

సెప్టెంబర్ 8, ఆదివారం

బండి మీద కవర్ తీసి కుడి సీట్లో కూచున్నాను. దీనికి స్టీరింగ్ ఎడమ వైపు. చిన్నప్పుడు నాన్న నడుపుతుంటే నేను కుడి పక్కన కూచునేదాన్ని. తగరపువలస సంతలో జనం నేనే నడుపుతున్నాననుకొని హడిలిపోయి తప్పుకునేవారు. నాన్న పడీ పడీ నవ్వేవాడు. నేను రెండు చేతులూ గాల్లో తిప్పేదాన్ని.

ఇవాళ నవ్వు రాలేదు. కాలిన రెక్సిన్ కంపు. దాని కింద, కొంచెంగా, సొర నూనె.

సెప్టెంబర్ 12

కెన్నీ కొత్త వెల్డర్ని మాట్లాడేడు, గాజువాక కుర్రాడు, సాయిశంకర్. శనివారం వస్తాడట. ఎడమ వైపు పూర్తి చేసి కుడి బోర్డు కూడా కోసేస్తాడట.

కుడి బోర్డులో కూడా పోసేను.

సెప్టెంబర్ 13, శుక్రవారం

ఆఫీసుకి సెలవు పెట్టి తగరపువలస, వరహాలు వాళ్ళింటికి వెళ్ళేను. వరహాలు అరుగు మీద కూచున్నాడు, చేతికి కట్టు. లేవబోయేడు. లేవొద్దని, నిలబడే చెప్పేసేను. నూనె నేనే పోసేను, అడిగితే అబద్ధం చెప్పేను, కెన్నీ పక్కనున్నాడని.

వాసన నాకప్పుడే తెలిసిపోనాదమ్మా అన్నాడు. భీమిలి రేవులో పడవల ఇంజన్లకి వెల్డింగ్ సేసినోణ్ణి, సొర నూనె తెలీదా. కానీ మీరు నేదన్నారు. దేవదానం గారి కూతురు అబద్దం ఆడదు గదా, నా ముక్కే పాడైపోనాదేమో అనుకున్నాను అన్నాడు.

మరి కెన్నీకి ఎందుకు చెప్పలేదని అడిగేను. మొగుడూ పెళ్ళాల మధ్యన నానెందుకమ్మా పుల్లలెట్టడం అన్నాడు. తరవాత, ఆ కొత్త కుర్రోడికైనా సెప్పండి అన్నాడు.

నేను ఉన్నంతసేపూ రోజారమణి గుమ్మంలో నిలబడే ఉంది. మంచినీళ్ళు ఇవ్వలేదు. ఇవ్వనందుకు కొంచెం ఊపిరాడింది.

సెప్టెంబర్ 14, శనివారం

సాయిశంకర్ ఏమీ అడగలేదు. తిన్నగా అద్దాలు పెట్టేసుకున్నాడు.

ఆగమన్నాను. లోపల సొర నూనె ఉంది, రెండు పక్కలా నేనే పోసేను అన్నాను. కెన్నీ పక్కనే ఉన్నాడు. అదే మాట గ్రూపులో కూడా పెట్టేను.

కెన్నీ బోర్డులో వేలు పెట్టి వాసన చూసేడు. నా మొహం చూడకుండా, బావ నంబర్ ఉందా అని అడిగేడు.

తన ఫోన్లోది తీసేసేడట.