రుమాలు కట్టుకోకుండ పోతున్న

మున్నీ నాయినా, డ్యూటీ నుంచి వచ్చినంక పప్పు వేడి చేసుకొని తిను. నేను, మున్నీ దబీర్‌పురాల మా చెల్లె ఇంటికి పోతున్నం. ఇయ్యాల దాని కొడుకును తొట్లెల ఏస్తున్నరు.

పొయ్యి పక్కన స్టీలు డబ్బాల ఉన్నది నా తలనూనె. మొన్నటి లెక్క దాంట్ల గుడ్లు వేయించకు. మెంతులు, కరివేపాకు, మందార పూలు ఏసి నువ్వే కాచిన నూనెను నువ్వే గుర్తు పట్టలె. పైగ గుడ్లు చేదైనయని నా మీద లొల్లి చేసినవ్.

రెండేండ్ల కింద జ్వరమొచ్చి నా జుట్టంతా రాలినప్పుడు నేను అద్దం చూసుడే బంద్ చేసిన. నువ్వు బేగంబజార్ పోయి సామాన్లు తెచ్చినవ్. ఆదివారం ఆదివారం నన్ను మెట్టు మీద కూసోబెట్టి తలకు నూనె పట్టిచ్చినవ్. డిపోల బస్సు నట్లు విప్పే చేతులవి. అయినా ఒక్క ఎంట్రుక గుంజకుండ వేళ్ళ కొసలతోని రాసినవ్. "ఫికర్ చెయ్యకు, మళ్ల మొలుస్తది" అంటే నీ మీదనే కోపం చేసిన.

పొద్దుగాల మున్నీ నాకు జడ అల్లింది. ఇన్ని దినాలు నాలుగు చుట్లు తిప్పినా జారే రబ్బరు బ్యాండు రెండు చుట్లకే బిగుసుకుంది. అది సూసి మున్నీ ఎగిరి గంతేసింది. నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. జుట్టు రాలినప్పటి సంది తలకు కట్టుకున్న రుమాలు బీరువాల పెట్టిన.

ఇదంతా ఎదురుంగ చెప్పనీకి నాకు నోరు రాదు, అందుకే రాసిన.

కళమ్మ

పొద్దుమీకి నువ్వు గూడ రా. చెల్లె పెండ్లి ఫోటోలల్ల నేను అందరి ఎనక దాక్కున్న. ఇయ్యాల ముందట నిలబడ్త, నా పక్కన నువ్వుండాలె.