రిమ్ము మీద అంకె

మంగళవారం, రాత్రి

పొద్దున జగ్గయ్యపేటలో ట్రాక్టరు ట్రక్కుకి కొత్త టైర్లు వేయించాం. గాలి ఎంత పెట్టమంటారని షాపతను అడిగితే, "మా అమ్మాయినడుగు, కాన్వెంట్లో చదివింది," అన్నాడు నాన్న. టైరు మీద రాసున్న గరిష్ఠ గాలి అంకె చదివి చెప్పాను. ఆ గాలితోనే నాన్న నిండా మొక్కజొన్న బస్తాలేసుకుని నందిగామ వెళ్ళాడు.

మధ్యాహ్నం ఇంట్లో ఆ ట్రక్కు స్టెప్నీ కడుగుతుంటే రిమ్ము మీద అంకెలు కనిపించాయి. టైరు తట్టుకునేంత గాలి గానీ, బరువు గానీ ఆ రిమ్ము తట్టుకోదు. వెంటనే ఫోన్ చేయాల్సింది. తప్పు చెప్పానని ఎలా ఒప్పుకోవాలా అని మాటలు వెతుక్కుంటూ కూర్చున్నాను, నాన్న హైవే మీద ఉన్నాడని తెలిసి కూడా.

చివరికి చేశాను. "గాలి తగ్గించు నాన్నా. సగం బస్తాలు కూడా దించెయ్."

"సరేలేమ్మా," అని, స్పీకర్లో పెట్టిన ఫోన్ కట్ చేయడం మర్చిపోయాడు.

"ఏంటి బాబాయ్, కాన్వెంటు చదువు తేడా కొట్టిందా?" అని బస్తాలతో పాటు వెళ్ళిన మా ఊరివాళ్ళలో ఎవరో అడుగుతున్నారు.

"అది సరిగ్గానే చెప్పిందిరా. నేనే తప్పు చదివా."

నాన్నకి ఇంగ్లీషు రాదని తెలిసినవాళ్ళే కాబట్టి అందరూ నవ్వారు.

ఇందాక అన్నం తింటూ, "చూడగానే చెప్పావు, అదే నయం," అన్నాడు. ఔనన్నట్టు తలూపి, ఇంకాస్త పెరుగు వేశాను.